జట్టులో ఆయా ఎక్కడ?

ముసలివాళ్ళకి వైద్యం, సంరక్షణ నేర్చుకునే కాబోయే డాక్టర్లూ నర్సులూ ఫిజియోథెరపిస్టులూ ఫార్మసిస్టులూ కలిసి చదువుకోవాలట. ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవడమే అంతర్వృత్తి విద్య అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. బాగానే ఉంది. ఆ ‘ఒకరు’లో ఎవరెవరున్నారన్నదే నా పేచీ.

తుంటి విరిగి ఆపరేషనైన డెబ్భై అయిదేళ్ళ అమ్మని తీసుకోండి. సర్జను ఎక్స్‌రే చూస్తాడు. ఫిజియోథెరపిస్టు అడుగులు లెక్కపెడుతుంది. ఆమె మంచినీళ్ళు మానేసిందని మాత్రం ఆయాకే తెలుసు. ఎందుకు మానేసింది? మాటిమాటికీ బెడ్‌పాన్ అడగాలంటే సిగ్గు. బతుకంతా ఇంకొకరికి చేసిన మనిషికి, చేయించుకోవడం తప్పు చేసినట్టుంటుంది. ఒంట్లో నీరు తగ్గి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి, రాత్రిళ్ళు పొంతన లేని మాటలు మొదలవుతాయి. ‘వయసు కదా’ అని నిద్రమాత్ర రాస్తారు. ఆ మత్తులో లేచి మళ్ళీ పడుతుంది. ఇదంతా వైద్యం తెలియక జరిగిందా? తెలిసిన మనిషిని ఎవరూ అడక్క జరిగింది.

చట్టాలూ అంతే. నర్సింగ్‌కి 1947లో ఒకటి, ఫార్మసీకి 1948లో ఒకటి, ఫిజియోథెరపీ లాంటి వాటికి 2021లో మరొకటి. 2023లో నర్సింగ్‌కి కొత్త చట్టం చేసినా అదీ విడిగానే. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ఏడాదికోసారైనా ఉమ్మడి సమావేశం జరపాలంది. ఎవరితో? హోమియో, భారతీయ వైద్య మండళ్ళతో. అదే మంచం పక్కన రోజూ నిలబడే నర్సు ఊసు ఆ సెక్షన్‌లో లేదు.

పోనీ అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారనుకుందాం. మెడికో మాట్లాడుతుంటే నర్సింగ్ విద్యార్థిని నోట్సు రాసుకుంటే అది మన పాత ఇంటి నమూనాయే. ఎక్కువగా ఆడవాళ్ళు చేసే పనికి ‘సేవ’ అని పేరుపెట్టి, మిగతాదాన్ని ‘నైపుణ్యం’ అన్నాం. వీపు పుండు పడకుండా మనిషిని నొప్పి తెలియకుండా పక్కకి తిప్పడం నైపుణ్యం కాదూ? ఇంటికెళ్ళాక ఆ పని ఎవరిదో వేరే చెప్పాలా! డిశ్చార్జి కాగితం మీద సంతకం కొడుకు చేస్తాడు, చాకిరీ కోడలు చేస్తుంది.

వృద్ధుల వార్డులో మెడికోకి నర్సు మార్కులు వెయ్యాలి. ఆ మార్కులు పరీక్షలో కలవాలి. కొన్నాళ్ళయినా ఆయా దగ్గర ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం నేర్చుకోవాలి, ముఖ్యంగా మగపిల్లలు. నేర్పినందుకు ఆయాకి ఉపాధ్యాయురాలి లెక్కన డబ్బివ్వాలి. బడ్జెట్ లేదంటారా? గెస్ట్ లెక్చర్లకి ఎక్కణ్ణుంచి వస్తోంది?