మళ్లీ పాళీ పుస్తకం తెరుద్దాం

12 ఏళ్ల కిందట పాళీ నేర్చుకోవడం మొదలుపెట్టి, విభక్తుల దగ్గర వదిలేశాను. మొన్న విహారంలో పంచశీల చెప్పి లేచాక మనవరాలు అడిగింది: "తాతా, వేరమణి అంటే ఏంటి?" ఒకప్పుడు వచ్చిన మాటే. తడబడ్డాను.

"ఈ వయసులో పాళీ ఎందుకు? ఎవరి భాషలో వారు నేర్చుకోమనే కదా బుద్ధుడు చెప్పాడు" అంటారు కొందరు. నిజమే, ధమ్మం జనానికి అర్థం కావాలనే అలా చెప్పాడు. మరి రోజూ అర్థం తెలియకుండా పలికే మనం ఆయన మాటను అడ్డం పెట్టుకోవచ్చా? మనం వదిలివచ్చిన మంత్రానికీ దీనికీ తేడా ఏముంది?

వేరమణి అంటే దూరంగా ఉండడం. సిక్ఖాపదం అంటే శిక్షణ నియమం. సమాదియామి అంటే స్వీకరిస్తున్నాను. ఇందులో ఆజ్ఞాపించే దేవుడు లేడు, వేడుకునే భక్తుడు లేడు. నాకు నేను ఇచ్చుకునే మాట ఇది. అర్థం పోతే ఇదీ ప్రార్థనైపోతుంది.

బాబాసాహెబ్‌కు బడిలో సంస్కృతం దక్కనివ్వలేదు, పారశీకం చదవాల్సి వచ్చింది. పెద్దయ్యాక సంస్కృతం సొంతంగా నేర్చుకున్నారు. పాళీ వ్యాకరణం, నిఘంటువు కూడా తయారుచేశారు. ఆయన రచనల 16వ సంపుటం అదే. ఆయన్ను కులం ఆపింది. మనల్ని ఆపుతున్నది బద్ధకం, మరిచిపోయామన్న సిగ్గు.

పాళీకి సొంత లిపి లేదు, తెలుగులోనే రాసుకోవచ్చు. కర్మ కమ్మ అవుతుంది, నిర్వాణం నిబ్బానం అవుతుంది. అవి మనకు కొత్త మాటలా? వచ్చే పున్నమిలోగా పంచశీలలో ప్రతి మాటకూ అర్థం నేర్చుకుందాం. నేను మళ్లీ ప్రథమా విభక్తి దగ్గర మొదలుపెట్టాను. మీ పుస్తకం ఏ అటక మీద ఉంది?