మన మాత్రల లెక్క సరే, మీ వార్డు కుళాయి లెక్క చెప్పండి

పోస్టు కొంచెం పొడుగే. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మొన్న ఒక అవగాహన సదస్సులో ఓ డాక్టరు గారు మైకు పట్టుకుని, "మీ ఏజెన్సీ వాళ్లు ఆర్‌ఎంపీల దగ్గర ఇష్టమొచ్చినట్టు యాంటీబయాటిక్స్ మింగబట్టే మందులు పనిచేయకుండా పోతున్నాయి" అన్నారు. మనోళ్లు కూడా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

మా అక్క కాన్పుకి వెళ్లినప్పుడు జ్వరం లేదు, ఒంటిమీద గాయం లేదు. ఆపరేషనయిన నాలుగో రోజు కుట్లు చీము పట్టాయి. ఇంజెక్షన్లు మార్చినా తగ్గలేదు. పెద్దాసుపత్రిలో కల్చర్ టెస్టు చేస్తే, చాలా మందుల ఎదురుగా 'ఆర్' అని వచ్చింది. అంటే ఆ మందుకి ఆ క్రిమి లొంగదని. అది ఎక్కడ అంటిందో నేను రుజువు చేయలేను. కానీ మొదటి వార్డులో ఒకే గ్లౌజుతో ముగ్గురి కుట్లు చూడటం, కుళాయిలో నీళ్లు లేకపోవడం మాత్రం నా కళ్లతో చూశాను.

ఇక సైన్సు. చాలా బ్యాక్టీరియాల్లో ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ రింగు ఉంటుంది. మందుని ఓడించే జన్యువులు తరచూ దానిమీదే ఉంటాయి. ఆ రింగు కాపీని బ్యాక్టీరియా పక్కదానికి ఇచ్చేస్తుంది, అది వేరే జాతిదైనా సరే. ఢిల్లీ ఆసుపత్రిలో ఉండి స్వీడన్ వెళ్లిన ఒక రోగిలో 2008లో ఎన్‌డీఎం-1 అనే జన్యువు బయటపడింది. క్లెబ్సియెల్లాలో దొరికిన ఆ జన్యువే అదే మనిషి పేగుల్లోని ఈ-కోలైలోనూ దొరికింది. అది కార్బాపెనెమ్ మందుల్ని విరిచేస్తుంది. అవి పెద్దాసుపత్రులు చివరి అస్త్రంగా దాచుకునే ఇంజెక్షన్లు. మన ఊరి ఆర్‌ఎంపీ సంచిలో అవి ఎప్పుడైనా చూశారా?

మందులు ఎక్కువ వాడేచోట లొంగే క్రిములు చచ్చి, లొంగనివి మిగులుతాయి. వాటిని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి మోసేవి చేతులు, గొట్టాలు, సింకులు.

ఇంకోటి. 2007లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ల పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ! ఆ నీళ్లు కొండమీది గూడెం వదిలినవా?

మన తప్పు లేదనట్లేదు. రెండు మాత్రలు కొనుక్కుని మింగి, జ్వరం తగ్గగానే మానేయడం తప్పే. వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ అడగడమూ తప్పే. అది మనం మానాలి. కానీ 30 కిలోమీటర్ల అవతల డాక్టరు ఉంటే, ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి కాక ఎవరి దగ్గరికి పోతారు?

అందుకే ఈసారి ఐటీడీఏకి ఇచ్చే వినతిపత్రంలో ఈ మూడూ రాద్దాం. ప్రతి వార్డులో 24 గంటలూ నీళ్లు, సబ్బు. ఏజెన్సీ ఆసుపత్రుల నుంచి కల్చర్ శాంపిళ్లు ల్యాబుకి పంపే ఏర్పాటు. ఆపరేషన్ తర్వాత ఎంతమందికి చీము పట్టిందో ప్రతినెలా నోటీసు బోర్డుమీద లెక్క.

మనోళ్లని ఆసుపత్రికి తీసుకెళ్తే మీరూ చేతులు కడుక్కోండి. ముట్టుకునే వాళ్లని కూడా "చేతులు కడుక్కున్నారా సార్?" అని అడగండి. కోప్పడితే పడనీ.

జై ఆదివాసీ!