బడి బీరువాలో గొంతులకో అర

2023 జూన్ 12న, వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచిన రోజున, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏటి విద్యా కానుక పంపిణీని పల్నాడు జిల్లా క్రోసూరులో మొదలుపెట్టింది. రాష్ట్రం మొత్తం మీద 43 లక్షలకు పైగా పిల్లలకు సంచి, బూట్లు, యూనిఫాం, నోటు పుస్తకాలు, ఒక పేజీ తెలుగు ఒక పేజీ ఇంగ్లీషుగా అచ్చయిన పాఠ్యపుస్తకాలు ఇస్తామన్నారు. అంతకు ఆరు నెలల ముందు, 2022 డిసెంబరులో, ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద తరగతి గోడలకు పెద్ద తెరలు, స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2023లోనే టోఫెల్ శిక్షణ పేరుతో మూడో తరగతి నుంచి పిల్లలకు ఇంగ్లీషు విని అర్థం చేసుకునే పాఠాలు పెట్టారు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, పథకాల పేర్లూ మారాయి.

వినిపించే సాధనాలకు మునుపటంత కొరత లేదు. ఏం వినిపించాలన్నదే ఇప్పుడు ఆలోచించాల్సింది. మాచర్ల, గురజాల, కారెంపూడి పేర్లు వింటూ పెరిగే పిల్లలకు పల్నాటి వీరుల కథ పాడే గొంతు ఆ స్పీకర్లలో వినపడాలని, వినుకొండలో పుట్టిన జాషువా పద్యాన్ని జిల్లా పిల్లలే చదవగా వినాలని, తండాలో నాయనమ్మ చెప్పే లంబాడీ కథ కూడా పాఠంలోకి రావాలని ఈ పత్రిక కోరుతోంది. ఇందుకు కావలసిన సరంజామాలో చాలా భాగం టీచరు చేతిలోని ఫోనే. రికార్డు చేసినదానికి ఒక పేరు పెట్టి దాచడం, పక్క బడికి అందించడం అలవాటైతే మిగతాది దానంతట అదే నడుస్తుంది.

కథను దాచుకునే విషయంలో పల్నాడుకు పెద్ద చరిత్రే ఉంది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం శ్రీనాథుడి పేర ఉన్న పల్నాటి వీరచరిత్రను అచ్చువేయించారు. దాంతో ఆ కథ చదువుకున్నవాళ్ల బీరువాల్లోకి చేరింది. అచ్చుకు బయట మాత్రం అది వీరవిద్యావంతుల నోటనే బతికింది. మాల కులానికి చెందిన ఈ గాయకులు పంబ మోగుతుంటే, తిత్తి శ్రుతి పడుతుంటే, రాత్రుళ్లు కథ నడిపేవారు. 1970ల్లో జీన్ రోగేర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడు వచ్చి ఆలిసెట్టి గాలెయ్య పాడిన కథను టేపులకెక్కించాడు. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, అధ్యయనంతో కలిపి చేసిన పుస్తకాన్ని 1982లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ వేసింది. గాలెయ్య కథ ఆ విధంగా ప్రపంచంలోని విశ్వవిద్యాలయాల అరల్లోకి వెళ్లింది. కారెంపూడిలో తొమ్మిదో తరగతి చదివే పిల్లకు ఆ పాట పాఠంలో భాగంగా వినపడిననాడే రోగేర్ మొదలుపెట్టిన పని పూర్తయినట్టు.

ఎందుకు వినాలంటే, వీరచరిత్ర నడిచే ద్విపద ఛందస్సు సంగతి చూడండి. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం అని పిల్లలు కంఠస్థం చేస్తారు. అక్షరాల నెత్తిన గురువుకూ లఘువుకూ గుర్తులు పెట్టి, గీతలు గీసి, గణాలు విడదీసి మార్కులు తెచ్చుకుంటారు. నల్లబల్ల మీద ఇంత లెక్క తేలినా ఆ నడక చెవికి పట్టదు. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఏ గణం మీద దరువు పడుతుందో, యుద్ధం దగ్గర వేగం ఎలా పెరుగుతుందో రెండు నిమిషాలు వింటే చాలు, ఆ గుర్తులు ఎందుకు పెడుతున్నారో పిల్లలకు అర్థమవుతుంది. తెలుగు టీచర్లందరికీ ఇది తెలిసిన సంగతే. పద్యం పాడగల టీచరున్న బడి పిల్లలు అదృష్టవంతులు. ఆ టీచరు బదిలీ అయితే, పదవీ విరమణ చేస్తే, తర్వాతి పిల్లలకు ఆ గొంతు ఉండదు.

విన్న గొంతు మళ్లీ దొరకని ఈ బాధ రేడియో పాఠాల కాలం నుంచీ ఉంది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. ఈ శతాబ్ది తొలి ఏళ్లలో ప్రాథమిక బడులకు ఆకాశవాణి ద్వారా వచ్చిన ‘విందాం నేర్చుకుందాం’ ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న చాలామందికి గుర్తుంటుంది. పాటలు, ఆటలు, ప్రశ్నలు కలిపిన మంచి పాఠాలవి. కానీ రేడియో పిల్లల కోసం ఆగదు. ఆ వేళకు కరెంటు పోయినా, బ్యాటరీలు అయిపోయినా, వాన చప్పుడుకు రేకుల కప్పు మోగినా ఆ రోజు పాఠం పోయినట్టే. ఫైలుగా ఉన్న పాఠాన్ని ఆపవచ్చు, వెనక్కి తిప్పి అదే వాక్యాన్ని మళ్లీ వినిపించవచ్చు, నిన్న బడికి రాని పిల్లవాడికి ఇవాళ విడిగా పెట్టవచ్చు. నిదానంగా నేర్చుకునే పిల్లలకు ఇది ఎంత మేలో పాఠం చెప్పేవాళ్లకు తెలుసు.

మరి ఇప్పుడు బడుల్లో తయారవుతున్న రికార్డింగులు ఏమవుతున్నాయి? కొవిడ్ కాలంలో ఎందరో టీచర్లు తమ గొంతుతో పాఠాలు చదివి వాట్సాప్‌లో పంపారు. ఆ ఫైలు పేరు ‘ఏయూడీ’ అని మొదలై, తేదీ అంకెలు, వాటి వెనక ‘డబ్ల్యూఏ0007’ లాంటి తోక. అది పద్యమో, ఎక్కాలో, ఎవరో పంపిన పుట్టినరోజు పాటో తెరిచి వింటే తప్ప తెలియదు. ఫోను నిండగానే ముందు చెరిపేది వాటినే. పేరులో నాలుగు ముక్కలుంటే ఇది తప్పుతుంది: తరగతి, పాఠం, గొంతు ఎవరిది, ఏ తేదీ. అంతకంటే మంచి పద్ధతి, రికార్డింగు మొదట్లోనే ఆ వివరాలను నోటితో చెప్పడం. ఎవరైనా ఫైలు పేరు మార్చినా గొంతులోని మాట మారదు.

వివరం పదిలంగా ఉంటే ఏమవుతుందో చూడండి. 1913, 1929 మధ్య గ్రియర్సన్ అనే భాషావేత్త నడిపిన భాషా సర్వేక్షణలో భాగంగా భారతీయ భాషలను గ్రామఫోన్ పళ్లేలకు ఎక్కించారు. బైబిలులోని తప్పిపోయిన కుమారుడి కథను భాష తర్వాత భాషలో చెప్పించారు. తెలుగూ అందులో ఉంది. చికాగో విశ్వవిద్యాలయం వాళ్ల దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయం వాటిని ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది. ఏ భాష, ఏ కథ అన్న వివరం పళ్లెంతో పాటు నిలిచినందువల్లే నూరేళ్ల నాటి తెలుగు మాటను ఇప్పటి విద్యార్థి వెతికి వినగలుగుతున్నాడు. మనవాళ్ల పనీ తక్కువది కాదు. పరుచూరి శ్రీనివాస్ సేకరించిన పాత రేడియో రికార్డింగులు ‘ఈమాట’ పత్రిక ద్వారా ఎక్కడెక్కడి తెలుగువాళ్లకో చేరాయి. ఊలపల్లి సాంబశివరావు పోతన భాగవతాన్ని పద్యం పద్యంగా, చదివిన గొంతుతో సహా, ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచారు. ఇవన్నీ ఇష్టంతో పూనుకున్న పనులు. భాగవత పద్యం చెప్పబోయే టీచరు వాటిని ముందురోజే దించుకుని పెట్టుకుంటే మర్నాడు నెట్ రాకపోయినా పాఠం ఆగదు.

దాచే పద్ధతిలో కష్టమేమీ లేదు. ఫ్యాను కట్టేసి, కిటికీలు మూసి, ఫోనును నోటికి జానెడు దూరంలో పెట్టాలి. ధ్వని భాండాగారాలు పాటించే ప్రమాణం సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్లు. ఆ లెక్కన ఐదు నిమిషాల మోనో వేవ్ ఫైలు 43 మెగాబైట్ల దాకా ఉంటుంది. అదే ఎంపీ3గా తగ్గిస్తే రెండున్నర మెగాబైట్లు. తరగతిలో వినడానికి చాలు. రైతు విత్తనానికి తీసిపెట్టిన మిరపకాయను కూరలో వేయడు. పెద్ద ఫైలును కూడా అలాగే ముట్టకుండా ఉంచి, చిన్నదాన్ని పంచుకోవాలి. 32 జీబీ మెమరీ కార్డులో ఇలాంటి చిన్న ఫైళ్లు వెయ్యి గంటలవి పడతాయి. ఒక ప్రతి బడి కంప్యూటరులో, ఒకటి బీరువాలోని హార్డ్ డిస్కులో, మూడోది మండల వనరుల కేంద్రంలో ఉంటే ఒకటి పాడైనా రెండు మిగులుతాయి.

చట్టం భయం కొందరిని వెనక్కి లాగుతోంది. ఆ భయం కొంతవరకే సబబు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బోధన కోసం టీచరు, విద్యార్థి చేసుకునే ప్రతులకు వెసులుబాటు ఇచ్చింది. బడి కార్యక్రమాల్లో సిబ్బంది, పిల్లలు, తల్లిదండ్రుల ముందు రికార్డు వినిపించడానికీ అడ్డులేదు. విడుదలైన సౌండ్ రికార్డింగుకు హక్కు మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. రచనకైతే రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు. జాషువా 1971లో కన్నుమూశారు కాబట్టి ఆయన పద్యాలకు 2031 చివరిదాకా హక్కులుంటాయి. తరగతిలో పిల్లల చేత చదివించి వినిపించుకోవచ్చు. అదే రికార్డును లోకమంతా వినేలా ఇంటర్నెట్‌లో పెట్టాలంటే అనుమతి కావాలి. శ్రీనాథుడి కావ్యానికి ఆ పేచీ లేదు. పిల్లల గొంతులు బయటికి వెళ్లేటప్పుడు తల్లిదండ్రుల అంగీకారం కాగితం మీద తీసుకోవాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

లంబాడీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, సవర వంటి ఎనిమిది భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తెలుగు లిపిలో వేసినప్పుడు లంబాడీకీ చోటిచ్చారు. పుస్తకం తెలుగు లిపిలో ఉన్నా, ఆ భాష రాని టీచరు దాన్ని చదివితే తండా పిల్లకు అది తన మాటలా వినిపించదు. తండాలోని ఒక పెద్దావిడ గొంతులో అదే కథ ఉంటే ఆ టీచరుకూ చేయూత. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లను 2017లో మొదలైన దీక్ష అనే డిజిటల్ పాఠాల వేదికకు కలిపారు. టీచర్లు తమ పాఠాలను దానికి ఇవ్వడానికి విద్యాదాన్ కార్యక్రమం ఉంది. ఆ దారిన వీడియోలతో సమానంగా స్థానిక గొంతులూ పుస్తకంలోకి రావాలని విద్యాశాఖను కోరుతున్నాం.

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు. క్రోసూరు, సత్తెనపల్లి, గురజాల బడుల తెలుగు టీచర్లు పై తరగతుల పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాలి. వీరవిద్యావంతులను ముందుగా కలిసి, ఏ ఘట్టం పాడతారో, దేనికి వాడుకుంటామో మాట్లాడుకుని, ఒప్పుకుంటేనే రికార్డు చేయాలి. పాడినందుకు వాళ్లకు తగిన పైకం ఇవ్వాలి. పిల్లల ఫోనుల్లో ఏం చేరిందో అదే ప్రతి, గాయకుడి పేరూ ఊరూ ముందు చెప్పి ఉన్నది, ఆ వారంలోనే ఆయన ఇంటికీ చేరాలి.