మొబైల్ తెరపై సౌలభ్యం ఎవరి పక్షం?

నేడు మన ఇళ్లలో సామాజిక మాధ్యమాలంటే మొబైల్ ఫోనే. ఎన్నో కుటుంబాలకు కంప్యూటర్ లేదు. ఉన్నది అరచేతిలో ఇమిడే తెర ఒక్కటే. గల్ఫ్‌లో కష్టపడే తండ్రిని, కళాశాలలో చదివే కూతురిని, ఊళ్లోని నానీమాను కలిపేది అదే. అందువల్ల ఆ తెరపై ఏ బటన్ ఎక్కడ ఉండాలి, ఏ సూచన ఏ భాషలో కనిపించాలి అన్నవి సాంకేతిక నిపుణులకే వదిలేయదగిన విషయాలు కావు. అవి మన భద్రతకు, గౌరవానికి సంబంధించినవి.

వాడకాన్ని సులభతరం చేయడం కంపెనీలకు చేతకాని పనేమీ కాదు. చౌక ఫోన్లలోనూ, నెమ్మదైన 2జీ నెట్‌వర్క్‌పైనా పనిచేసేలా ఫేస్‌బుక్ లైట్‌ను 2015లోనే తెచ్చారు. అయితే ఈ సౌలభ్యం ఒకవైపే మొగ్గింది. ఒక వదంతిని పదుగురికి పంపడానికి రెండు మూడు తాకులు చాలు. తన ఫోటోను ఎవరో దుర్వినియోగం చేశారని చెప్పుకోవాలంటే మాత్రం మూడు చుక్కల వెనుక దాగిన జాబితాలను ఒక్కొక్కటిగా దాటాలి. విషం చిమ్మేవానికి రాచబాట, బాధితురాలికి ముళ్లదారి!

తెర రూపకల్పన ప్రాణాలను సైతం ప్రభావితం చేయగలదని 2018లో తేలింది. వదంతుల కారణంగా మూకదాడులు జరిగి అమాయకులు బలైన తరువాత, వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి విధించింది. ఫోటోలు, వీడియోల పక్కనే కనిపించే ఫార్వర్డ్ బటన్‌నూ తొలగించింది. ఒక బటన్ ఉండటం, లేకపోవడం ఎంత ముఖ్యమో కంపెనీయే ఒప్పుకున్నట్లయింది.

2021 జూలైలోనూ, 2022 జనవరి 1న మరోసారీ ముస్లిం మహిళల ఫోటోలను సామాజిక మాధ్యమాల నుంచి దొంగిలించి, ఇంటర్నెట్‌లో 'వేలం' పేరిట అవమానించిన దుర్మార్గాన్ని మనం మరువలేదు. ఇలాంటివి చూసి కొన్ని కుటుంబాలు ఆడపిల్లల చేతినుంచి ఫోన్ లాక్కోవచ్చు. కానీ దానివల్ల శిక్ష పడేది బాధితురాలికే. కావలసింది ఆమె చేతికందే రక్షణ. 2020 మేలో ఫేస్‌బుక్ మన దేశంలో ప్రవేశపెట్టిన 'ప్రొఫైల్ లాక్' ఇందుకొక ఉదాహరణ. అంతకుముందు ఒక్కొక్కటిగా మార్చుకోవలసిన పలు రక్షణలను అది ఒకే చోట చేర్చింది. ఫిర్యాదు విషయంలో మాత్రం ఆ సులువు ఎందుకు ఉండకూడదు?

చట్టం లేదని కాదు. వినియోగదారుని ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో తెలపాలని, 15 రోజుల్లో పరిష్కరించాలని 2021 ఐటీ నియమాలు నిర్దేశించాయి. తమ నిబంధనలను ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషల్లో వినియోగదారు కోరుకున్న దానిలో గానీ తెలియజేయాలని 2022 సవరణ చెప్పింది. తెలుగు, ఉర్దూ రెండూ ఆ షెడ్యూలులో ఉన్నవే. కంపెనీ నిర్ణయంపై అప్పీలుకు వెళ్లే అవకాశాన్నీ ఆ సవరణే కల్పించింది. అయినా దారి తెలియని హక్కు కాగితానికే పరిమితమవుతుంది.

కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. ఫిర్యాదు బటన్ ప్రతి పోస్టు పక్కనా నేరుగా కనిపించాలి. అందులోని మాటలు నిఘంటువు తెలుగులో కాక, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఉండాలి. చదవలేని వారు గొంతుతో చెప్పుకోగలగాలి. కింది వత్తులు తెగిపోకుండా తెలుగుకూ, ఏటవాలుగా దిగే నస్తాలీఖ్ లిపికి తగినట్లు ఉర్దూకూ వరుసల మధ్య చోటు ఉండాలి. కొత్త ఖాతా తెరిచిన క్షణం నుంచే రక్షణ అమలులో ఉండాలి. దానిని వెతికి పెట్టుకోవలసిన భారం పదహారేళ్ల అమ్మాయిపై వేయరాదు.

ఈ మార్పులు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు, విద్యార్థి సంస్థలు నెలకొక గంట కేటాయించి, ప్రొఫైల్ లాక్ ఎలా పెట్టాలో, ఫిర్యాదు ఎలా చేయాలో ఫోన్ చేతికిచ్చి నేర్పవచ్చు. అవమానకరమైన పోస్టు కనబడితే స్క్రీన్‌షాట్, తేదీ, ఫిర్యాదు సంఖ్య భద్రపరచమని చెప్పాలి. రేపు పోలీస్ స్టేషన్‌లోనైనా, అప్పీలులోనైనా పనికొచ్చేవి ఆ ఆధారాలే. వాటితోపాటు, ఫిర్యాదు చేసేటప్పుడు మన సోదరీమణులు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో కూడా సంఘాలు నమోదు చేసి కంపెనీలకు, ప్రభుత్వానికి పంపాలి. వాడేవారి ఇబ్బంది వాడేవారే చెప్పకపోతే తెర మారదు.