మత్తు లేని మాదీకరణము

భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకములందు 'డోపింగు' అను మాటకు 'మాదీకరణము' అని తెనుగుసేత కనబడుచున్నది. ఆంగ్లమున ఆ మాటకు మత్తుమందు అను స్ఫురణ కలదు కాన, తెనుగునకు గూడ మదమును కొనితెచ్చిరి. సిలికానునందు రవ్వంత ఫాస్ఫరసు చేర్చినచో ఎలక్ట్రానులు అదనముగా వచ్చి విద్యుత్ప్రవాహమునకు తోడ్పడును. అచ్చట ఆ మాట కొంతకు కొంత నప్పును. రుథెనేటు స్ఫటికముల యెడ మాత్రము అది విద్యార్థిని పెడదారి పట్టించును.

రుథెనియము ప్లాటినము వర్గపు లోహము. 1844లో కజాన్ నగరమున కార్ల్ క్లాస్ కనుగొనెను. కాల్షియము రుథెనేటునందు ఒక్కొక్క రుథెనియము చుట్టు ఆరు ఆక్సిజను పరమాణువులు చేరి ఎనిమిది ముఖముల గూడు కట్టును. ఆ గూళ్లు మూలలు కలుపుకొని పొరలుగా పరచుకొనియుండును. వాని సందులలో కాల్షియ ముండును. కాని కాల్షియము చిన్నది, సందు నిండదు. అందువలన గూళ్లు మెలిదిరుగును, ఒరుగును. సుమారు 84 డిగ్రీల సెంటిగ్రేడునకు పైన ఈ స్ఫటికము లోహమువలె విద్యుత్తును పోనిచ్చును. అంతకన్న చల్లబడగానే గూళ్లు అణగి, ప్రవాహ మాగిపోవును. ఆ మార్పు ఎంత హఠాత్తుగా వచ్చునన, స్ఫటికము తరచు పగిలిపోవును.

ఇందు కొంత కాల్షియమును తీసి స్ట్రాన్షియమును నిలిపినచో నేమగును? రెండింటి విద్యుదావేశ మొక్కటే. ఒక్క ఎలక్ట్రానైనను అదనముగా రాదు. ఇక మత్తెక్కడిది? స్ట్రాన్షియము పరిమాణమున పెద్దది, అంతే. సందు నిండినకొలది గూళ్లు చక్కబడును. రెండు పాళ్ల కాల్షియమున 0.2 పాలు మార్చుసరికి ఆ ప్రవాహరోధక స్థితి మాయమగును, 0.5 పాలు మార్చుసరికి ఒరుగుడు పోవును, 1.5 పాళ్ల దగ్గర మెలికయు పోవును. అంతయు స్ట్రాన్షియమే యైన స్ఫటికము, ఒక కెల్విను చేరువలో అతివాహక మగునని 1994లో జపానునందు మాయెనో బృందము కనుగొనెను.

కాన ఇచ్చట కథ యంతయు జాలకముది. స్ఫటిక మనగనే నిశ్చలమైన వస్తువు తోచును గాని, అందలి పరమాణువు లెల్లప్పుడును కంపించుచునే యుండును. గూడు అటొరగి ఇటొరగుటయు నొక కంపనమే. తిరిగి లాగుకొను బలము సన్నగిలినకొలది ఆ ఊపు మందగించి, తుద కొకవైపున నిలిచిపోవును. కంపనమే ఆకృతి యగును. 1940లో రామన్, నెడుంగాడి క్వార్ట్జు స్ఫటికమున ఇట్టి జాడనే చూచిరి. 573 డిగ్రీల వద్ద క్వార్ట్జు రూపు మారుటకు ముందే, వర్ణపటమున ఒక రేఖ పలుచబడి చెదరిపోవుచు వచ్చెను. 1960 ప్రాంతమున కాక్రన్ మున్నగువారు అట్టి మృదుకంపనములకు సిద్ధాంతరూప మిచ్చిరి.

'మాదీకరణము' అని చదివిన బాలుడు 'ఎలక్ట్రానులు పెరిగినవి కనుక' అని వ్రాయును. పరీక్షకుడును ఆ పుస్తకమే చదివినవాడు కాన మార్కులు వేయును. ఒకసారి అచ్చయిన మాటను కదల్పరాదనువారు కలరు. కదల్ప నక్కరయు లేదు. రసాయనశాస్త్రమున 'ప్రతిక్షేపణము' అను చక్కని మాట వాడుకలో నున్నది. స్ట్రాన్షియమునకు అది చాలును. ఆ స్ట్రాన్షియము స్థానమున లాంథనమును నిలిపినపుడు మాత్రము నిజముగనే ఎలక్ట్రా నొకటి అదనముగా వచ్చును. అచ్చట పాత మాటనే ఉండనిండు.