మొదటి ఖాళీ పిన్ను ఎవరికి?

ఫార్ములా స్టూడెంట్ కారు కట్టే టీముల్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ చర్చ రాక తప్పదు. బైక్ ఇంజన్‌కి కంపెనీ ఇచ్చిన ఈసీయూ తీసేసి, మనమే ట్యూన్ చేసుకునేది పెడతాం. స్పీడుయినోనో, మెగాస్క్విర్టో, ఏదో ఒకటి. ఇంజెక్టర్, కాయిల్, క్రాంక్ సెన్సర్, థ్రాటిల్ అన్నీ కలిపాక కొన్ని పిన్నులు మిగులుతాయి. వాటితో ఏం చేద్దాం?

లాంచ్ కంట్రోల్ అని ఒకరు, షిఫ్ట్ లైట్లు అని ఇంకొకరు. రెండూ బాగుంటాయి, వీడియోలో ఇంకా బాగుంటాయి. కానీ నా వాదన ఒక్కటే: మొదటి ఖాళీ అనలాగ్ ఇన్‌పుట్ ఆయిల్ ప్రెషర్ సెన్సర్‌కే ఇవ్వాలి.

కారణం చాలా సింపుల్. మలుపులో బైక్ వాలుతుంది, ఇంజనూ దానితోపాటే వాలుతుంది. అందుకే సంప్‌లో ఆయిల్ అడుగునే ఉంటుంది. అదే ఇంజన్ని కార్లో బిగిస్తే అది వాలదు. ఆయిల్ ఓ పక్కకి పోతుంది, పికప్ గాలి పీలుస్తుంది. హై ఆర్‌పీఎంలో బేరింగులు పాడవడానికి అలాంటి కొద్ది సెకన్లు చాలు. ఏడాది కష్టం, స్పాన్సర్ల డబ్బు అక్కడే పోతాయి.

"వార్నింగ్ లైట్ ఉందిగా" అంటారు. ఉంది. కానీ మలుపులో డ్రైవర్ కళ్లు రోడ్డు మీద ఉంటాయి, లైటు మీద కాదు. పైగా స్విచ్ చెప్పేది ఉందా, లేదా అన్న మాట మాత్రమే. ఎంత తగ్గింది, ఏ మలుపులో తగ్గింది అన్నది లాగ్‌లో కనిపించాలంటే సెన్సరే కావాలి.

0.5 నుంచి 4.5 వోల్టుల దాకా ఇచ్చే సెన్సర్ తీసుకోండి. ప్రెషర్ సున్నా అయినా 0.5 వోల్టులు వస్తాయి. అదీ రాలేదంటే వైరో సెన్సరో పోయిందని అర్థం. సెన్సర్ గ్రౌండ్‌ని ఛాసిస్‌కి కాకుండా ఈసీయూ సెన్సర్ గ్రౌండ్‌కే కలపండి, లేకపోతే ఫ్యాన్ తిరిగినప్పుడల్లా రీడింగ్ మారుతుంది.

ఇక ఔట్‌పుట్. ఐడిల్‌లో ప్రెషర్ తక్కువే ఉంటుంది కాబట్టి ఒకే అంకె పెట్టి ఇంజన్ ఆపేస్తే స్టార్టే కాదు. ఆర్‌పీఎంని బట్టి పరిమితి మారాలి. ముందు కొన్ని రోజులు లాగ్ మాత్రమే చేయండి. మామూలుగా ఎంత ఉంటుందో తెలిశాకే కట్ పెట్టండి. ఆ ఔట్‌పుట్ చాలా ఈసీయూల్లో గ్రౌండ్‌కి లాగే రకం. రిలే కాయిల్‌కి సరిపోతుంది, ఫ్యాన్ మోటర్‌ని నేరుగా తగిలిస్తే కాలిపోతుంది.

ఇదంతా ఇంజన్ని కాపాడటానికే. మనిషిని కాపాడే షట్‌డౌన్ సర్క్యూట్ని మాత్రం సాఫ్ట్‌వేర్‌కి వదలొద్దు. రూల్స్ కూడా బ్రేక్ ప్లాజిబిలిటీ డివైస్ ప్రోగ్రామ్ చేయలేని సర్క్యూట్‌గానే ఉండాలంటాయి.

పిన్నులు నిజంగా అయిపోతే క్యాన్ మీద ఎక్స్‌పాన్షన్ బాక్స్ కొనండి, తప్పులేదు. పవర్ ఆపి మల్టీమీటర్ పెడితే రెండు క్యాన్ వైర్ల మధ్య 60 ఓమ్‌లు చూపించాలి. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉన్నట్టు అదే గుర్తు. కానీ ఉన్న పిన్నుల్లో ఏది దేనికో రాసిపెట్టుకోని టీముకి ఆ బాక్స్ ఇంకో చిక్కుముడే.

ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోతారు, వైరింగ్ ఉండిపోతుంది. వచ్చే ఏడాది జూనియర్లకి మనం ఇచ్చే అసలైన ఆస్తి ఆ ఒక్క పేజీ పిన్ను పట్టికే. అందులో మొదటి వరసలో ఆయిల్ ప్రెషర్ అని ఉంటే చాలు, మిగతా వరసల గురించి ఎంతసేపైనా కొట్టుకోవచ్చు.