లెక్క పెరిగింది, మరి బతుకు?

"అంతరించిపోతున్న పక్షుల సంఖ్య పెరిగింది" అని వార్త వస్తే లైక్ కొట్టి ముందుకెళ్లిపోతాం. సంతోషించాల్సిన వార్తే, కాదనను. కానీ బోనులో పుట్టిన ఆ పిల్లలకి బయట బతకడం వచ్చా అని ఎవరూ అడగరేంటి?

హవాయి దీవుల్లో 'అలలా' అనే కాకి ఉంది. 2002 తర్వాత అడవిలో ఒక్కటీ కనిపించలేదు. బోనుల్లో పెంచినవాటిలో ఐదింటిని 2016లో వదిలితే, కొద్దిరోజుల్లోనే మూడు చచ్చిపోయాయి. అక్కడి 'ఇయో' గద్ద వాటికి పెద్ద గండం. బోనులో పెరిగిన కాకికి గద్దంటే ఏం తెలుస్తుంది? అందుకే తర్వాతి బ్యాచ్‌కి గద్దను చూపించి మరీ భయం నేర్పారు. అయినా 2020లో, ప్రాణాలతో మిగిలిన కొన్నింటిని మళ్లీ వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ కదిలించింది. పాత అడవి కాకుల అరుపుల రికార్డింగులతో పోల్చి చూస్తే, బోను కాకుల్లో "ఇది నా చోటు" అని చాటే అరుపులు, ప్రమాదం గురించి హెచ్చరించే అరుపులు తగ్గిపోయాయట. జన్యువులు భద్రంగానే ఉన్నాయి, మాటే పోతోంది. పెద్దల నోటి నుంచి పిల్లల చెవికి చేరకపోతే భాష ఏమవుతుందో తెలుగు క్లబ్‌లో ఉన్న మనకి వేరే చెప్పాలా?

"అయితే బోనులో పెంచడమే తప్పంటావా?" అంటారేమో. అస్సలు కాదు. కాలిఫోర్నియా కాండర్లు 1987 నాటికి ప్రపంచం మొత్తమ్మీద 27 మిగిలాయి, అన్నీ బోనుల్లోనే. ఇప్పుడు ఐదువందలు దాటాయి. పెంచకపోయుంటే ఆ జాతే లేదు. అయితే 1992 నుంచి వదిలిన వాటిలో కొన్ని కరెంటు తీగలకు తగిలి చచ్చిపోయాయి. అప్పుడు బోనులోనే ఉత్తుత్తి స్తంభాలు పెట్టి, వాలితే చిన్న షాక్ కొట్టేలా చేశారు. పిల్లలకి తోడుగా పెద్ద కాండర్లను ఉంచారు. అంటే ఇంక్యుబేటర్ ఒక్కటే చాలదు, బడి కూడా కావాలి.

ఇదంతా ఎక్కడో జరిగిన కథ కాదు. మన బట్టమేక పిట్ట కూడా ఇదే దారిలో ఉంది. ఒకప్పుడు కర్నూలు వైపు రోళ్లపాడులో తిరిగిన పిట్ట, ఇప్పుడు దేశం మొత్తమ్మీద రెండొందలు కూడా లేదు. 2019 నుంచి రాజస్థాన్‌లో గుడ్లు సేకరించి, పొదిగించి, మనుషుల చేతుల మీదే పిల్లల్ని పెంచుతున్నారు. ఆ పిల్లలకి నక్కను, కుక్కను చూసి పారిపోవడం ఎవరు నేర్పాలి? పైగా దానిది బరువైన ఒళ్లు, ఎదురుగా ఉన్నది సరిగ్గా ఆనని చూపు. తీగల్ని తప్పించుకోవడం అడవిలో పెరిగినవాటికే చేతకావట్లేదు. అక్కడ పిట్టకి ట్రైనింగ్ ఇస్తే సరిపోదు, తీగనే మార్చాలి. ఆ పని మన ఎలక్ట్రికల్ బ్రాంచ్ వాళ్లది.

అందుకే నేననేది ఒక్కటే. ఎన్ని పుట్టాయన్నది సగం లెక్కే. వదిలాక ఏడాదికి ఎన్ని బతికున్నాయి, ఎన్ని సొంతంగా పిల్లల్ని పెంచుకున్నాయి అన్నది మిగతా సగం. ఈసారి అలాంటి వార్త కనిపిస్తే లైక్ కొట్టండి, దాంతోపాటు కామెంట్లో ఆ రెండో సగం కూడా అడగండి.